మెలోడీ పార్టీలూ పాటల హక్కులూ: అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మెలోడీ ప్రోగ్రాములకు, అంటే స్టేజీ మీద సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రాలకు, కీబోర్డు వాయిస్తాను. తెలుగు, ఒడియా, హిందీ మూడూ ఒకే స్టేజీ మీద పడాలి. ఆ పాటలు వాడుకోవడానికి లైసెన్సు మాట వస్తే మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో పాట.

అపోహ: లైసెన్సు ఫైలు పట్టుకొచ్చినాయనకు డబ్బు కట్టాల్సిందే.

ఓ డిసెంబరు 31 సాయంత్రం హోటల్లో సౌండ్ చెక్ చేస్తుంటే ఒకాయన ఫైలుతో దిగాడు. మేనేజరుకి టెన్షన్. మా డ్రమ్మరు స్టిక్కులు సంచిలో పెట్టేశాడు కూడా. కాగితం చదివితే అది రికార్డింగుల లైసెన్సు. పాట వేరు, దాని రికార్డింగు వేరు. రాసినవారి, బాణీ కట్టినవారి హక్కులకు ఎక్కువగా ఐపీఆర్‌ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) అనే కాపీరైట్ సొసైటీ లైసెన్సు ఇస్తుంది. రికార్డింగు హక్కు దాన్ని తీసిన కంపెనీది.

"మేం చేత్తో వాయిస్తామండీ" అన్నాను.

"మరి బ్రేకులో ఏం వేస్తారు?" అన్నాడాయన.

దెబ్బకి నోరు పడిపోయింది. బ్రేకులో హోటల్ వాళ్లు వేసే పాటలూ, మనం నెట్లోంచి దింపుకున్న మైనస్ ట్రాకులూ (గొంతు తీసేసి వాద్యాలే ఉంచినవి) రికార్డింగులే. ఎవరొచ్చినా ముందు అడగాల్సింది రెండే: ఏ హక్కు తరఫున వచ్చారు, మీ రేట్ల పట్టిక ఏది. కాపీరైట్ సొసైటీ అన్నాక రేట్లు బయటపెట్టాలని చట్టమే చెబుతోంది.

అపోహ: పెళ్లిలో పాడినా లైసెన్సు కావాలి.

అక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షనులో మతపరమైన వేడుకలకు మినహాయింపు ఉంది. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా అందులోకే వస్తాయి. 2023 జులై 24న కేంద్రం పబ్లిక్ నోటీసుతో ఇదే మళ్లీ చెప్పింది. ఆ కాపీ ఫోన్లో పెట్టుకోండి, కల్యాణ మండపం దగ్గర పనికొస్తుంది.

అయితే జాతర పేరు చెప్పి అన్నిటికీ ఇదే వాడబోతారు కొందరు కమిటీ పెద్దలు. అమ్మవారి ముందు భజన వేరు, టికెట్లు పెట్టి అర్ధరాత్రి దాకా సినిమా పాటలు కొట్టడం వేరు. ఉచిత ప్రదర్శనకు ఉన్న ఇంకో మినహాయింపేమో అమెచ్యూర్ క్లబ్బులది. అడ్వాన్సు పుచ్చుకుని వెళ్లే మనం ఏ లెక్కన అమెచ్యూర్లం?

అపోహ: పాత పాటలు ఎవరి సొత్తూ కాదు.

రచయిత, స్వరకర్త పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఘంటసాల 1974లో కన్నుమూశారు. ఆయన కట్టిన బాణీలకు 2034 చివరిదాకా రక్షణ ఉన్నట్టే. 2002లో పోయిన ఒడియా గాయకుడు, స్వరకర్త అక్షయ మహంతి బాణీలకైతే 2062 దాకా.

ముప్పై సెకన్ల లోపు పాడితే ఫ్రీ అన్న మాట చట్టంలో ఎక్కడా లేదు.

అపోహ: లైసెన్సు ఆర్గనైజరు తలనొప్పి, మనకెందుకు?

తీసుకునేది మామూలుగా ఆర్గనైజరే. కానీ లైసెన్సు లేకపోతే పాడినవాళ్లనూ బాధ్యులను చేయొచ్చు. బుకింగ్ కాగితం మీద "లైసెన్సు ఆర్గనైజరుదే" అని ఒక లైను రాయించి సంతకం పెట్టించుకోండి. పాడిన పాటల లిస్టు కూడా ఆర్గనైజరుకి ఇచ్చి రండి. మా సింగరు శుభలేఖ వెనకాల మూడు లిపుల్లో గీకే లిస్టు నేనిప్పుడు ఇంటికొచ్చి రచయిత, స్వరకర్త పేర్లతో సాపు రాస్తున్నాను. ఒడియా పేర్ల దగ్గరే ఎక్కువ టైం పడుతోంది.