షెల్టర్‌వాళ్ళతో ఒపెరా: కొన్ని అపోహలు, అసలు సంగతులు

డిసెంబరు దగ్గరపడితే చాలు, నాకు ఇదే ప్రశ్న వస్తుంది. ఈ వారంలోనే ముగ్గురు అడిగారు, వాళ్ళలో ఒకరు ఇక్కడి తెలుగు సంఘంలో ఏళ్ళ తరబడి సేవ చేస్తున్న పెద్దాయన. "ఇల్లు లేక షెల్టర్‌లో తలదాచుకునేవాళ్ళని నమ్ముకుని షో ఎలా పెడతారండీ, ఆ రోజు రాకపోతే?" అని.

నేను అమెరికాలో చిన్న ఒపెరా బృందాలకు, అంటే మాటలకు బదులు పాటలతో నాటకం ఆడేవాళ్ళకు, స్టేజి మేనేజర్‌గా పనిచేస్తాను. క్రిస్మస్‌కి మేం ఎక్కువగా వేసేది మెనోట్టి రాసిన 'అమాల్ అండ్ ద నైట్ విజిటర్స్'. టీవీ కోసమే రాసిన ఒపెరా అది, 1951 డిసెంబరు 24న ఎన్‌బీసీలో మొదటిసారి వచ్చింది, గంటలోపే అయిపోతుంది. కర్ర ఊతంతో నడిచే ఒక పిల్లవాడు, తినడానికి లేని వాళ్ళమ్మ, రాత్రిపూట వాళ్ళింటి తలుపు తట్టే ముగ్గురు రాజులు. రాజులకు పెట్టడానికి ఇంట్లో ఏమీ ఉండదు. అప్పుడు చుట్టుపక్కల గొర్రెల కాపరులు తమకున్న దానిమ్మలు, అంజూరాలు, మేకపాల చీజ్ పట్టుకుని వస్తారు. షెల్టర్ నుంచి వచ్చేవాళ్ళు పాడేది ఈ కాపరుల కోరస్‌లోనే, అంటే గుంపుగా కలిసి పాడేవాళ్ళలోనే.

అపోహ: వాళ్ళకి బాధ్యత ఉండదు, మధ్యలో మానేస్తారు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. దీన్ని నమ్మి కొన్ని బృందాలు అసలు మొదలుపెట్టవు, కొన్ని మొదలుపెట్టి వాళ్ళని స్టేజి వెనక వరసలో ఊరికే నిలబెడతాయి. ఒకప్పుడు నేనూ నమ్మాను. నా మొదటి షోకి బేస్ (బాగా లోతైన) గొంతున్న ఒకాయన వచ్చారు, అరవై దాటి ఉంటాయి. మంగళ, గురువారాల్లో రాత్రి ఏడింటికి రిహార్సల్. మొదటి రోజు చక్కగా పాడారు, తర్వాత వరసగా రెండు రోజులు రాలేదు. నేను పేరు కొట్టేశాను. వారం తర్వాత బట్టల కొలతలు తీసుకోవడానికి షెల్టర్‌కి వెళ్తే లైన్లో నిలబడి కనిపించారు. సాయంత్రం ఆరున్నరకల్లా అక్కడ లేకపోతే ఆయన బెడ్ ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఫోన్‌లో బ్యాలెన్స్ లేదు, అందుకని మాకు చెప్పమని ముందు డెస్కులో ఉన్నతనికి చెప్పారు, ఆ మాట షిఫ్ట్ మారడంతో అక్కడే ఆగిపోయింది. అంత చలిలో పడుకునే చోటు వదులుకుని రిహార్సల్‌కి రాలేదని మనిషిని బాధ్యత లేనివాడిగా లెక్కేశాను. ఇన్నేళ్ళయినా అది గుర్తొస్తే నాకు సిగ్గుగానే ఉంటుంది.

ఆ తర్వాత రిహార్సల్‌ని మధ్యాహ్నం రెండింటికి, షెల్టర్ భోజనాల హాల్లోకే మార్చాం. ఆయన ఒక్క రోజు కూడా మానలేదు, ఇంకో నలుగురిని తీసుకొచ్చారు.

కాబట్టి ఎవరైనా రాకపోతే ముందు మన టైమ్‌టేబుల్ చూసుకోవాలి. చెక్-ఇన్ ఎన్నింటికి? బస్సుకి డబ్బులున్నాయా? మందులు వేసుకునే వేళా? ఇంకోటి సంచులు. ఉన్నదంతా ఒకటి రెండు సంచుల్లో మోసుకు తిరిగే మనిషిని ఆ సంచి మూల పెట్టేసి స్టేజి ఎక్కమంటే మనసంతా సంచి మీదే ఉంటుంది. తాళం వేసే గది, తాళం చెవి పట్టుకుని కూర్చునే ఒక మనిషి, ఇది దీపాల కన్నా ముందు చూసుకోవాల్సిన ఏర్పాటు. కబుర్లు కూడా వాట్సాప్‌లో పెట్టి ఊరుకోకుండా షెల్టర్ నోటీసు బోర్డు మీద కాగితం అంటించండి.

ఇదేదో నేనొక్కరినే చెప్తున్న మాట కాదు. 2018లో న్యూయార్క్‌లో ఆన్ సైట్ ఒపెరా వాళ్ళు బ్రేకింగ్ గ్రౌండ్ అనే గృహవసతి సంస్థతో కలిసి ఇదే ఒపెరాని, రోజూ ఎందరికో భోజనం పెట్టే హోలీ అపోసిల్స్ చర్చిలో వేశారు. కోరస్‌లో పాడింది ఒకప్పుడు ఇల్లు లేకుండా బతికినవాళ్ళే.

అపోహ: సంగీతం చదవడం రాకపోతే కోరస్‌లో పాడలేరు.

మనలో కీర్తనలు నేర్చుకున్నవాళ్ళం నొటేషన్ చూసి నేర్చుకున్నామా? టీచరు ఒక లైను పాడితే మనం తిరిగి పాడలేదా? ఇక్కడా అంతే.

అపోహ: చేరితే ఫొటోలు తీస్తారు, మన కథ పేపర్లో వేస్తారు.

ఇది షెల్టర్‌లో ఉన్నవాళ్ళ భయం, ఆ భయం న్యాయమైనదే. భర్త కొడుతుంటే పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు ఉంటారు, ఒక్క ఫొటో బయటికొస్తే వాళ్ళ ఆచూకీ తెలిసిపోతుంది. షెల్టర్‌లో ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఇదే: మీ ఒప్పుకోలు లేకుండా ఫొటో గానీ, ప్రోగ్రామ్ పుస్తకంలో పేరు గానీ వేయకూడదు. వద్దంటే కారణం చెప్పాల్సిన పని లేదు. మీ బాధలు చెప్పుకుంటేనే పాడనిస్తాం అనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి.

అపోహ: గౌరవ వేతనం తీసుకుంటే ప్రభుత్వ సాయం పోతుంది.

మొత్తం పోదు, టెన్షన్ పడకండి. ఎస్‌ఎస్‌ఐ (ఆదాయం తక్కువున్న వృద్ధులకు, వైకల్యం ఉన్నవాళ్ళకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) తీసుకునేవాళ్ళు సంపాదన వస్తే తప్పకుండా తెలియజేయాలి. వేరే ఆదాయం లేకపోతే నెల సంపాదనలో మొదటి 85 డాలర్లు లెక్కలోకి రావు, ఆపైన సంపాదించే ప్రతి రెండు డాలర్లకు సాయంలో ఒక డాలరు తగ్గుతుంది. వేతనం కాగితం మీద సంతకం పెట్టేముందు మీ కేస్ వర్కర్‌కి (మీ సాయం సంగతులు చూసే ఉద్యోగికి) చూపించండి.

అపోహ: సేవ కోసం కాబట్టి ఒపెరా ప్రదర్శన హక్కులు కొనక్కర్లేదు.

కొనాలి. ఒపెరా నాటకం కిందికి వస్తుంది, టికెట్ పెట్టకపోయినా అనుమతి కావాలి.

ఇక ఇది మతం మార్చే కార్యక్రమమని, పిల్లల్ని పంపొద్దని మన గ్రూపుల్లో తిరిగే మెసేజ్. కథ క్రిస్మస్‌దే, కానీ అక్కడ ఎవరూ ఎవరికీ ప్రసంగం చేయరు. నా కోరస్‌లో ముస్లింలు పాడారు, ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్ళూ పాడారు. ఒక్క రిహార్సల్‌కి వచ్చి చూడకుండా ఆ మెసేజ్ ముందుకు పంపకండి.

పెద్దాయన నిన్న మళ్ళీ ఫోన్ చేశారు. సంఘం తరఫున సాయం చేస్తాం, మొదటి రిహార్సల్ ఎప్పుడో చెప్పమన్నారు. ముందు మీ ఊరి షెల్టర్ మేనేజర్‌ని కలిసి బెడ్ చెక్-ఇన్ ఎన్నింటికో కనుక్కుని రండి, దాన్నిబట్టి తేదీ వేద్దాం అన్నాను.