గోడకుర్చీ మంటకీ, కండకీ ఉన్న సంబంధమెంత?

సెట్ (ఆగకుండా వరసగా చేసే ఒక విడత) చివర్లో కండ భగ్గుమంటేనే పెరుగుతుందా? మంట పుట్టకపోతే ఆ రోజు చేసిందంతా వృథాయేనా? జిమ్‌లో చేరిన నెల తిరక్కముందే దాదాపు ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న ఇది. జవాబు తెలుసుకోవడానికి డంబెల్ కూడా అక్కర్లేదు, ఒక గోడ చాలు.

మన బళ్ళలో తరతరాలుగా వేసిన శిక్ష గోడకుర్చీ. వీపు గోడకి ఆనించి, తొడలు నేలకి సమాంతరంగా వచ్చేదాకా జారి, అలాగే ఉండండి. మొదటి ఇరవై సెకన్లు పెద్దగా ఏమీ తెలియదు. నలభై దాటేసరికి మోకాలి పైభాగాన వెచ్చదనం మొదలవుతుంది. నిమిషం దాటాక తొడలు వణుకుతాయి, లోపల నిప్పులు పోసినట్టుంటుంది. ఇప్పుడు లేచి నిలబడి కాళ్ళు కాస్త కదపండి. ఒకటి రెండు నిమిషాల్లో ఆ మంట చాలామటుకు మాయం. అంత త్వరగా ఎలా పోయింది?

తొడ ముందుభాగపు కండరం బిగుసుకున్నప్పుడు దాని లోపలి ఒత్తిడి పెరిగి సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. నడకలో బిగింపుకీ బిగింపుకీ మధ్య సడలింపు ఉంటుంది కాబట్టి రక్తం వస్తూ పోతూ ఉంటుంది. గోడకుర్చీలో సడలింపన్నదే లేదు. ఆక్సిజన్ చాలక కండరం గ్లూకోజ్‌ని హడావుడిగా విరిచి, కణాలకి ఇంధనమైన ఏటీపీని తయారు చేసుకుంటుంది. అలా తయారైన ఏటీపీ ఖర్చయ్యేకొద్దీ ఫాస్ఫేట్, హైడ్రోజన్ అయాన్లు పోగుపడతాయి, పక్కనే లాక్టేట్ (లాక్టిక్ ఆమ్లం ఒంట్లో ఉండే రూపం) కూడా. మామూలుగా 7 చుట్టుపక్కల ఉండే కండర కణం పీహెచ్ (ఆమ్లగుణపు కొలత, ఎంత తగ్గితే అంత ఆమ్లం) 6.5 దాకా దిగజారగలదు. చూడ్డానికి అర అంకె తేడాయే, కానీ హైడ్రోజన్ అయాన్ల సాంద్రత మూడింతలు దాటినట్టు లెక్క. కండరంలో ఉండే సన్నని నరాల కొనలు ఈ రసాయనాలని పసిగట్టి మెదడుకి కబురు పంపుతాయి. ఆ కబురే మంట. లేచి నిలబడగానే రక్తం ఉరికివచ్చి అంతా కడిగేస్తుంది.

నింద మాత్రం ఎప్పుడూ లాక్టిక్ ఆమ్లం ఒక్కదాని మీదే పడుతుంది. 1780లో రసాయన శాస్త్రవేత్త షీలే పులిసిన పాలలో కనిపెట్టిన ఆమ్లమే ఇది. పాఠాల్లో ఇప్పటికీ దీన్నే దోషిగా చూపిస్తారు. 2014లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంవారు మనుషుల చేతి బొటనవేలి కండరంలోకి హైడ్రోజన్ అయాన్లు, లాక్టేట్, ఏటీపీ విడివిడిగా ఎక్కించి చూశారు. ఏ ఒక్కటీ నొప్పి పుట్టించలేదు. మూడూ కలిపి, వ్యాయామంలో చేరే మోతాదులో ఇస్తే అలసట తెలిసింది, మోతాదు పెంచితే సలుపు మొదలైంది. అంటే మంట ఒక ఉమ్మడి కబురు. రక్తం సరిగా ఆడని చోట పని ఎంతసేపు సాగిందో చెబుతుంది.

మరి కండ పెరగడానికి కావలసింది? తంతువు మీద పడే లాగుడు. ఒక్కొక్క కండర తంతువు ఎంత బలంగా బిగుసుకుని, ఎంత బరువుకి ఎదురునిలిచింది అన్నదాన్ని కణం లోపలి యంత్రాంగం గుర్తిస్తుంది, ఎంటార్ అనే ప్రోటీన్ వ్యవస్థ మేలుకుంటుంది, కొత్త ప్రోటీన్ కూర్పు మొదలవుతుంది. 2009లో బరువులెత్తే ముందు కొందరికి రాపమైసిన్ అనే మందు ఇచ్చి ఎంటార్‌ని అడ్డుకుంటే, వ్యాయామం తర్వాత పెరగాల్సిన ప్రోటీన్ తయారీ పెరగలేదు. 2020లో స్వీడన్‌లో ఇంకో పక్క నుంచి పరీక్షించారు: వ్యాయామం చేస్తున్నవాళ్ళ రక్తంలోకి అదనంగా లాక్టేట్ ఎక్కించారు. ప్రోటీన్ తయారీలో తేడా రాలేదు.

ఇక్కడ తాలింఖానా బస్కీలు గుర్తు చేసుకోవాలి. ఇరవై బస్కీలు తీసేవాడు సాధన చేసి రెండొందలకి చేరాడనుకోండి. రెండొందలో బస్కీ దగ్గర తొడల మంట భరించలేనిది. అయినా తొడ పదింతలు కాదు సరికదా, కొన్ని వారాల తర్వాత దాదాపు అక్కడే ఆగిపోతుంది. మోసేది అదే ఒంటి బరువు. ఓర్పు మాత్రం బ్రహ్మాండంగా పెరుగుతుంది: సన్న రక్తనాళాలు, కణాల్లో శక్తి పుట్టించే మైటోకాండ్రియా పెరుగుతాయి. అదే మనిషి భుజాన పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టుకుని పదిహేను బస్కీలు తీసి, మూడు నిమిషాలు ఆగి మళ్ళీ తీస్తే మంట తక్కువ, లాగుడు ఎక్కువ. గోడకుర్చీదీ ఇదే కథ. కొత్తవాళ్ళకీ, మంచం పట్టి లేచినవాళ్ళకీ అది కొంత కండ ఇస్తుంది. నిమిషం నుంచి మూడు నిమిషాలకి పెంచుకుంటూ పోతే పెరిగేది ముఖ్యంగా ఓర్పు.

మంటకి అసలు విలువే లేదా? ఉంది, తేలిక బరువుల దగ్గర. కండర తంతువులు గుంపులు గుంపులుగా నరాలకి కట్టుబడి ఉంటాయి. మెదడు ముందు చిన్న గుంపులని పిలుస్తుంది, అవి చాలకపోతేనే పెద్దవాటిని. నరాల మీద పరిశోధన చేసిన ఎల్‌వుడ్ హెన్నెమన్ తేల్చిన ఈ సూత్రం జిమ్ గోడ మీద రాసి పెట్టదగ్గది. బాగా పెరిగే సత్తా ఉన్నవి ఆ పెద్ద గుంపులే. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువులో 80 శాతం పెడితే అవి మొదటి రెప్పుల (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్పు) నుంచే దిగుతాయి. 30 శాతమైతే చిన్నవి అలిసిపోయాక, సెట్ చివర్లో దిగుతాయి. 2012లో కెనడాలో ఈ రెండు బరువులనీ ఇక ఎత్తలేనంతదాకా చేయించి పోలిస్తే, పది వారాల్లో తొడ పెరుగుదల ఇంచుమించు సమానం. మంట మాత్రం తేలిక బరువు దగ్గరే ఎక్కువగా ఉంటుంది. చిక్కేమిటంటే ముప్పై రెప్పులు చెయ్యగలవాడు ఇరవై రెండో రెప్పు మంటకే వదిలేస్తాడు, పెద్ద గుంపులకి పని తగలకుండానే. మరో పరీక్షలో, మరీ 20 శాతానికి దిగితే ఆఖరిదాకా లాగినా పెరుగుదల స్పష్టంగా తగ్గింది.

జపాన్‌వారి కాట్సు పద్ధతిని చూపించి కొందరు మంటే మందు అంటారు. చేతికో తొడకో పట్టీ కట్టి రక్తం తిరిగి వెళ్ళడాన్ని అడ్డుకుని, 20-30 శాతం బరువుతో 30, 15, 15, 15 రెప్పులు, మధ్యలో అర నిమిషం విరామం. కండ పెరుగుతుంది, నిజమే. పట్టీ కట్టుకుని ఊరికే కూర్చుంటే మాత్రం పెరగదు. పట్టీ చేసే పని చిన్న గుంపులని త్వరగా అలిసిపోయేలా చేసి పెద్దవాటిని ముందే రప్పించడం. తాడో తువ్వాలో బిగించి ఇంట్లో ప్రయత్నించకండి. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు దీని జోలికి పోకూడదు.

మంట కోసం విరామం కోసేయడం జిమ్‌లో కనిపించే పెద్ద పొరపాటు. 2016లో సాధన ఉన్న 21 మంది యువకులకి ఎనిమిది వారాలు ఒకే వ్యాయామాలు ఇచ్చి, కొందరికి సెట్ల మధ్య ఒక నిమిషం, మిగిలినవాళ్ళకి మూడు నిమిషాలు విరామం ఇచ్చారు. బలంలోనూ, తొడ ముందుభాగపు మందంలోనూ మూడు నిమిషాలవాళ్ళే ముందున్నారు. నిమిషంలో కండరం పూర్తిగా తేరుకోదు, తర్వాతి సెట్‌లో పన్నెండు రావలసిన చోట ఏడే వస్తాయి.

మర్నాటి సలుపు వేరే సంగతి. లాక్టేట్ గంటా గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది, నూనె మర్దనతో పిండి తియ్యాల్సింది ఏమీ మిగలదు. ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదిరే నొప్పి, అలవాటు లేని పనికి, ముఖ్యంగా బరువుని కిందికి దించే పనికి తంతువులు దెబ్బతినడం వల్ల వస్తుంది. వందల గుంజీళ్ళు ఒక్కసారిగా తీయిస్తే అది ప్రమాదం దాకా పోగలదు. తొడలు వాచి, మూత్రం కోలా రంగులో వస్తే కండరం కరిగి కిడ్నీల మీద పడుతోందని అర్థం. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మోకాలి కీలులోనో మోచేతిలోనో పోటులా పొడిచే నొప్పి మంట లెక్కలోకి రాదు, అక్కడితో సెట్ ఆపేయాలి.

చూడాల్సింది రెప్పు వేగం. మీరు గట్టిగా నెడుతున్నా బరువు నెమ్మదిగా లేస్తోందంటే పెద్ద గుంపులు దిగాయి. ఇంకో రెండు రెప్పులే వస్తాయనిపించిన చోట ఆపండి. ఒక్కో కండరానికి వారానికి పది సెట్లు చాలు మొదట్లో, విరామం రెండు మూడు నిమిషాలు. జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకోండి: స్క్వాట్ 40 కిలోలు, 8, 8, 7. మూడు సెట్లలోనూ 10 వచ్చిన రోజున 42.5 పెట్టండి.