ఐలా విస్కీ పండగ: అపోహలు - వాస్తవాలు

ఏటా ఏప్రిల్ దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఈసారి కూడా ఐలా వెళ్తున్నావా? పది రోజులూ మందేనా?" అని ఒకరు అడుగుతారు. "మమ్మల్నీ తీసుకెళ్ళు బావా, కానీ మాకు విస్కీ గురించి ఏమీ తెలీదు" అని ఇంకొకరు మొహమాటపడతారు. గ్లాస్గోలో పన్నెండేళ్ళుగా విస్కీ టేస్టింగ్‌లు నడుపుతున్నాను. ఈ రెండు మాటలూ విననిది ఒక్క ఏడాది కూడా లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఐలా స్కాట్లాండ్ పడమటి తీరాన ఉన్న చిన్న దీవి. ఇంగ్లిషు స్పెల్లింగులో మధ్యన ఒక ఎస్ ఉంటుంది, దాన్ని పలకరు. జనాభా మూడు వేల పైచిలుకు. గ్లాస్గో నుంచి కారులో దాదాపు మూడు గంటలు వెళ్తే కెనాక్రేగ్ రేవు, అక్కడ ఫెర్రీ ఎక్కితే రెండు గంటలకు అటూ ఇటూగా దీవి. మే నెలాఖరులో అక్కడ జరిగే పండగ పేరు ఫేష్ ఈలా. గేలిక్ భాషలో ఆ మాటకు ఐలా పండగ అనే అర్థం. 1980ల మధ్యలో పాటల కోసం, తమ భాష కోసం ఊరివాళ్ళు మొదలుపెట్టుకున్నారు, విస్కీ తర్వాత వచ్చి చేరింది. ఇప్పుడు ఒక్కో డిస్టిలరీ ఒక్కో రోజు తలుపులు బార్లా తెరుస్తుంది. ఆఖరి శనివారం ఆనవాయితీగా ఆర్డ్‌బెగ్‌ది.

అపోహ: అది తాగుబోతుల జాతర.

వాస్తవం: ముందు లెక్క చూద్దాం. మన దగ్గర చిన్న పెగ్గు 30 మిల్లీలీటర్లు, పెద్ద పెగ్గు 60. టేస్టింగ్‌లో గ్లాసుకు పోసేది మామూలుగా 15 లోపే. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. కానీ పండగలో పోసేది చాలావరకు పీపాలోంచి తీసి నీళ్ళు కలపని సరుకు, అందులో ఆల్కహాలు 55 శాతం పైన కూడా ఉంటుంది. అలాంటివి ఎనిమిది గ్లాసులు తాగితే 120 మిల్లీలీటర్లు, అందులో అసలు ఆల్కహాలు 66. బ్రిటన్‌లో 10 మిల్లీలీటర్ల ఆల్కహాలును ఒక యూనిట్ అంటారు. వారానికి 14 యూనిట్లు దాటొద్దని ఇక్కడి ఆరోగ్య శాఖ సలహా. అంటే ఒక్క మధ్యాహ్నంలో వారం కోటాలో దాదాపు సగం అయిపోయినట్టే. ఒంట్లోంచి యూనిట్ దిగడానికి సుమారు గంట పడుతుంది. కాఫీ తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా ఆ గంట తగ్గదు.

నేను వెళ్ళిన మొదటి ఏడాది ఈ లెక్క వేసుకోలేదు. పొద్దున పదకొండుకే మొదలుపెట్టాను, పోసిందల్లా గుటుక్కున మింగాను. మూడు గంటలకు, నెలల ముందు టికెట్టు కొనుక్కున్న గోడౌన్ టేస్టింగ్‌లో కూర్చునేసరికి ముక్కు పూర్తిగా మొద్దుబారిపోయింది. ముందు ఆరు గ్లాసులున్నాయి, ఆరూ ఒకటే వాసన. పక్కన కూర్చున్న పెద్దాయన ఒక్కో గ్లాసూ మూతి దగ్గర పెట్టుకుని అర నిమిషం అలా కళ్ళు మూసుకునేవాడు. ఆయనకు ఏం అందుతోందో నాకు అందలేదు. ఆ బాధ ఇప్పటికీ గుర్తుంది.

విస్కీ టేస్టింగ్‌లో ముప్పాతిక పని ముక్కుదే. డిస్టిలరీల్లో బ్లెండర్లు, అంటే రకరకాల పీపాల విస్కీని కలిపే నిపుణులు, రోజుకు ఎన్నో నమూనాలు చూస్తారు, ఆల్కహాలు 20 శాతానికి దిగేదాకా వాటిలో నీళ్ళు కలిపి వాసన మాత్రమే చూస్తారు. అన్నీ మింగితే వాళ్ళు ఆ ఉద్యోగం చెయ్యలేరు. కాబట్టి టేబుల్ మీద ఉమ్మడానికి పెట్టిన పాత్ర కనిపిస్తే నిస్సంకోచంగా వాడండి. పోసినవాళ్ళ ముందు ఉమ్మితే వాళ్ళను అవమానించినట్టని మనవాళ్ళకు అనిపిస్తుంది. అక్కడ ఎవరూ అలా అనుకోరు. నోట్లో తిప్పి, రుచి పట్టాక ఉమ్మేసినవాడు నాలుగో గ్లాసు దగ్గర కూడా మెలకువగా ఉంటాడని వాళ్ళకు తెలుసు.

బండి నడిపేవాళ్ళకు ఇంకో ఏర్పాటుంది. మీ వంతు చిన్న సీసాలో పోసి ఇస్తారు, దాన్ని డ్రైవర్స్ డ్రామ్ అంటారు. రాత్రి బసకు చేరాక తీరిగ్గా చూసుకోవచ్చు. స్కాట్లాండ్‌లో 2014 డిసెంబరు నుంచి డ్రైవర్ రక్తంలో ఆల్కహాలు పరిమితి 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములు. ఇంగ్లండ్‌లో అది 80, మన దేశంలో 30. ఐలాలో చాలా రోడ్లు ఒక్క బండి పట్టేంతే ఉంటాయి, మలుపు తిరిగితే రోడ్డు మీద గొర్రెలు. నా మట్టుకు అక్కడ స్టీరింగు పట్టే రోజు పరిమితి సున్నా.

అపోహ: ఐలా విస్కీ అంటే అంతా పొగే. ఆ పొగ వాసన అక్కడి నీళ్ళలోంచి, కాల్చిన పీపాల్లోంచి వస్తుంది.

వాస్తవం: ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త ఎక్కువే చెబుతాను. పొగ పట్టేది గింజకి. బార్లీని నానబెట్టి, మొలక రాగానే ఆపాలి. ఆపడానికి ఆరబెట్టాలి. ఆ దీవిలో చెట్లు తక్కువ, చిత్తడి నేలలు ఎక్కువ. ఆ నేలల్లో నాచూ గడ్డీ వేల ఏళ్ళుగా కుళ్ళీ కుళ్ళకుండా పేరుకుపోయి ఉంటాయి. అదే పీట్. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెడతారు. ఎండాక చూస్తే మన పిడకలే గుర్తొస్తాయి. అది రాజేసి ఆ పొగ మీద మొలకెత్తిన బార్లీని ఆరబెడితే, పొగలోని ఫినాల్స్ అనే వాసన పదార్థాలు గింజ పొట్టుకు పడతాయి. బట్టీ పెట్టినా, ఏళ్ళ తరబడి పీపాలో ఉంచినా ఆ వాసన పూర్తిగా పోదు.

మా గుంపులో టంగుటూరు నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉన్నాడు. వాళ్ళ నాన్నగారు పొగాకు రైతు. లఫ్రోయిగ్ డిస్టిలరీలో ఇప్పటికీ బార్లీ కొంత భాగం వాళ్ళే నేల మీద పరిచి మొలకెత్తిస్తారు, వాళ్ళే పొగబెడతారు. ఆ ఆరబెట్టే గది దగ్గరకు వెళ్ళగానే అన్న ఆగిపోయాడు. నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలాడు. ముందు కరకర, తర్వాత తీపి, చివర్లో పొగ. "ఇది మా బ్యారనే రా" అన్నాడు. బ్యారన్ అంటే పొగాకు ఆరబెట్టే కొట్టం. కాసేపు పైకప్పు వంక చూసి మళ్ళీ అన్నాడు: "కానీ మా దగ్గర పొగ గొట్టాల్లోంచి బయటికి పోవాలి. ఆకుకి వేడే తగలాలి, పొగ తగిలిందా, గ్రేడు పోయినట్టే. మా నాన్న రాత్రంతా కాపలా ఉండేది అందుకే. వీళ్ళు పనిగట్టుకుని పొగనే గింజకి ఎక్కిస్తున్నారు." పన్నెండేళ్ళలో పీట్ గురించి ఇంత సూటిగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

ఇక అంతా పొగే అనే మాట. బ్రూక్‌లాడీ పేరుతో వచ్చే విస్కీకి పీట్ వాడరు. బున్నహావెన్‌లో కూడా ఎక్కువ భాగం పొగ లేనిదే. అదే బ్రూక్‌లాడీ వాళ్ళు ఆక్టోమోర్ అని ఒకటి చేస్తారు, ప్రపంచంలో అతి ఎక్కువ పీట్ పట్టించిన విస్కీగా దానికి పేరు. సీసాల మీద పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని అని) కనిపించే అంకె గింజలో ఉన్న ఫినాల్స్‌ది, మీ గ్లాసులో ఉన్నది కాదు. బట్టీలో చాలా పోతుంది, పీపాలో ఇంకొంత తగ్గుతుంది. అంకె పెద్దదైతే అదే నిష్పత్తిలో పొగ ఎక్కువ తగులుతుందనుకోవద్దు.

అపోహ: వాసనలు గుర్తుపట్టాలంటే వాళ్ళ పూలూ పళ్ళూ తెలిసుండాలి.

వాస్తవం: మొహమాటంతో ఫోన్ చేసేవాళ్ళ భయం ఇదే. టేబుల్ చుట్టూ జర్మన్లు, స్వీడన్ వాళ్ళు కూర్చుని హెదర్ అనీ బ్లాక్‌కరెంట్ అనీ చెబుతుంటే మనం నోరు మెదపం. అక్కర్లేదు. వాసన జ్ఞాపకంతో ముడిపడి ఉంటుంది, మీ జ్ఞాపకం మీ వంటింటిదే.

అన్నతో పాటు వచ్చిన వదిన మందు ముట్టుకోదు. వాసన చూడ్డానికే కూర్చుంది. ఒక గ్లాసు దగ్గర ఆగి, మళ్ళీ చూసి, "కొబ్బరి లౌజు" అంది నా వైపు తిరిగి. అదేమిటని ఎదురుగా ఉన్నవాళ్ళు అడిగారు. కొబ్బరి కోరు బెల్లం పాకంలో వేసి నేతి చేత్తో ఉండ చుట్టడం దాకా వివరించింది. పోస్తున్న అమ్మాయి పీపా కాగితం చూసి చెప్పింది, అది బర్బన్ అనే అమెరికన్ విస్కీ ఖాళీ అయ్యాక మొదటిసారి నింపిన అమెరికన్ ఓక్ పీపా అని. ఆ చెక్కలో కొబ్బరి వాసన ఇచ్చే పదార్థం నిజంగానే ఉంది, దాని పేరే విస్కీ లాక్టోన్. చెక్కలోని లిగ్నిన్ విరిగినప్పుడు వెనీలా వాసన పుడుతుంది. పులియబెట్టేటప్పుడు పుట్టే ఈస్టర్లు అనే సువాసన పదార్థాల్లో ఒకటి అచ్చం అరటిపండు. షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపాలో పెట్టినదాంట్లో ఖర్జూరం, ఎండుద్రాక్ష వెతకండి. దక్షిణ తీరం విస్కీల్లో టించర్ అయోడిన్, ఎండుచేపల సంత, పొయ్యి ఆర్పాక మిగిలే బూడిద దొరుకుతాయి. మీకు తట్టిన మాట తెలుగులోనే రాసుకోండి. వదిన అలాగే రాసుకుంది, ఆ రోజు మా అందరికంటే ఎక్కువ వాసనలు పట్టింది తనే.

చిన్న చిట్కా ఒకటి. ముక్కు గ్లాసులో దూర్చకండి, ఆల్కహాలు ఘాటు కొడుతుంది. పెదాలు కాస్త తెరిచి, గ్లాసు గడ్డం దగ్గర నుంచి మెల్లగా పైకి తీసుకురండి.

అపోహ: సింగిల్ మాల్ట్‌లో నీళ్ళు కలిపితే పాపం.

వాస్తవం: సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసిన విస్కీ. డిస్టిలరీ వాళ్ళే టేబుల్ మీద నీళ్ళ జగ్గు పెడతారు. ముందు ఉన్నదున్నట్టు చూడండి, తర్వాత నాలుగు చుక్కలు వేసి మళ్ళీ చూడండి. స్వీడన్‌లోని లినియస్ యూనివర్సిటీకి చెందిన ఇద్దరు శాస్త్రవేత్తలు 2017లో కంప్యూటర్ మీద లెక్కగట్టి చూపించారు: పొగ వాసన ఇచ్చే గ్వాయకోల్, నీళ్ళు కలిపి పలచన చేసినప్పుడు ద్రవం పై పొరకు చేరుతుందని. అంటే ముక్కుకు దగ్గరగా వస్తుంది. నీళ్ళు పడగానే కొన్ని విస్కీలు మసకబారతాయి. అది కల్తీ కాదు, చల్లబరిచి వడకట్టని విస్కీలోని కొవ్వు పదార్థాల వల్ల అలా జరుగుతుంది. ఐసు మాత్రం టేస్టింగ్‌లో వద్దు, చల్లదనానికి వాసనలు లేవవు. ఇంట్లో మీ ఇష్టం.

అపోహ: ఎంత పాతదైతే, ఎంత ముదురు రంగైతే అంత గొప్ప.

వాస్తవం: స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది, కాబట్టి రంగు చూసి వయసు చెప్పలేం. లేబుల్ మీద 12 అని ఉంటే అందులో అన్నిటికన్నా చిన్న విస్కీ వయసు అది. సీసాలో పడ్డాక వయసు పెరగదు. మీ బీరువాలో ఇరవై ఏళ్ళున్నా 12 పన్నెండే. ఎక్కువ కాలం ఉంచితే చెక్క రుచి మిగతా అన్నిటినీ మింగేసిన పీపాలు నేను చాలా చూశాను.

అపోహ: మన ఇండియన్ విస్కీ అసలు విస్కీయే కాదు.

వాస్తవం: సగం నిజం. మన దగ్గర చవగ్గా దొరికే చాలా బ్రాండ్లలో చెరకు మడ్డితో చేసిన స్పిరిట్ ఉంటుంది. యూరప్‌లో ధాన్యంతో చేస్తేనే విస్కీ అనాలి. కానీ బెంగళూరు అమృత్ వాళ్ళు బార్లీతో చేసిన సింగిల్ మాల్ట్‌ను 2004లో మొదట విడుదల చేసింది మా గ్లాస్గోలోనే. తర్వాత గోవా నుంచి పాల్ జాన్, ఉత్తరప్రదేశ్ నుంచి రాంపూర్, హర్యానా నుంచి ఇంద్రి వచ్చాయి. స్కాట్లాండ్‌లో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది, బెంగళూరు ఎండకు అది 10 శాతం పైమాటే. చెక్కలోంచి రంగూ రుచీ లాగడం కూడా అంతే తొందరగా అవుతుంది. అందుకే నాలుగైదేళ్ళ అమృత్‌ను ఇక్కడి పద్నాలుగేళ్ళ విస్కీ పక్కన ధైర్యంగా పెడతాను. పేరు చెప్పకుండా పోసి, ఇక్కడివాళ్ళ ముఖాలు చూడటం నాకు చాలా ఇష్టం.

అపోహ: చలిలో ఒక పెగ్గు పడితే ఒళ్ళు వెచ్చబడుతుంది.

వాస్తవం: చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుని వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది, నిజానికి ఒంట్లో వేడి బయటికి పోతుంది. మే నెలలో కూడా ఐలాలో గాలీ వానా ఎముకలు కొరుకుతాయి. మంచి రెయిన్ కోటు తెచ్చుకోండి. మందు ఏ మోతాదులోనూ ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. టేస్టింగ్‌లు నడిపే నేను ఈ మాట దాచను, నా ప్రతి సెషన్ మొదట్లోనే చెబుతాను.

అపోహ: పండగ బాటిల్ కొంటే బంగారం కొన్నట్టే.

వాస్తవం: ఆ వారం మాత్రమే అమ్మే సీసాల కోసం తెల్లవారకముందే క్యూ కడతారు, కొందరు నేరుగా వేలానికి పంపిస్తారు. ఒకప్పుడు లాభం వచ్చినవాళ్ళున్నారు, తర్వాత నష్టపోయినవాళ్ళనూ చూశాను. మేం ఆరుగురం కలిసి ఒకటి కొంటాం, ఆ రాత్రే బసలో మూత తీస్తాం. ఇండియాకు తీసుకెళ్ళాలనుకుంటే మనిషికి 2 లీటర్లు దాటితే సుంకం కట్టాలి. 70 శాతం పైన ఆల్కహాలు ఉన్నదాన్ని విమానంలో అసలు ఎక్కించనివ్వరు.

రావాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. టేస్టింగ్ టికెట్ల కంటే ముందు ఫెర్రీ, బస చూసుకోండి. పండగ వారంలో ఆ రెండూ చాలా నెలల ముందే అయిపోతాయి. కారు లేకపోయినా పర్వాలేదు. పోర్ట్ ఎలెన్‌లో దిగితే లఫ్రోయిగ్, లాగవులిన్, ఆర్డ్‌బెగ్ మూడింటినీ కలుపుతూ మూడు మైళ్ళ నడక దారి ఉంది, ఒక పక్కన సముద్రం కనిపిస్తుంటుంది. మేం ఈసారీ ఆ దారినే వెళ్తున్నాం. వదిన పాత నోటుబుక్ నిండిపోయింది, కొత్తది కొనుక్కుంది.