నార్వే మంచు, వాల్తేరు చేప

ఏటా జూన్ 14తో తూర్పు తీరంలో వేట నిషేధం ముగుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు కట్టేసి ఉంచిన మరబోట్లన్నీ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక్కసారిగా కదులుతాయి. అంతకు ముందు నుంచే హడావుడి మొదలవుతుంది. ఇంజన్లు తిప్పి చూసుకుంటారు, వలలు బాగు చేసుకుంటారు, ఐసు, బియ్యం, మంచినీళ్లు, డీజిల్ ఎక్కించుకుంటారు. వీటన్నిట్లో టెన్షన్ పెట్టేది డీజిలే. చేప ఎక్కడుందో తెలియక సముద్రమంతా గాలిస్తే, వలలో పడేదానికన్నా ట్యాంకులో తగ్గేదే ఎక్కువ.

అందుకే బోటు నడిపే సరంగు ఫోనుకు వచ్చే ఒక చిన్న సందేశానికి అంత విలువ. ఫలానా తీరం నుంచి ఫలానా దిక్కున, ఇన్ని కిలోమీటర్ల దూరంలో, ఇంత లోతున్న చోట చేపలు దొరికే అవకాశం ఉందని అందులో తెలుగులోనే ఉంటుంది. పంపేది ఇన్‌కాయిస్. 1999లో ఏర్పడిన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉన్నది హైదరాబాద్‌లో. సముద్రమే లేని ఊళ్లో కూర్చుని సముద్రంలో చేప జాడ చెబుతారన్నమాట, అదీ పైసా తీసుకోకుండా.

ఇంతకీ ఉపగ్రహానికి చేప కనపడదు. 700 కిలోమీటర్లకు పైనుంచి అది చూసేది రెండే సంగతులు: నీటి పైపొర ఎంత వెచ్చగా ఉంది, నీటి రంగు ఏమిటి. కడలి నీళ్లలో కంటికి ఆనని మొక్కల్లాంటి జీవులుంటాయి. పాఠ్యపుస్తకాల్లో వాటిని వృక్ష ప్లవకాలు అంటారు. ఆకుల్లో ఉండే పత్రహరితమే వాటిలోనూ ఉంటుంది. అది నీలం కాంతిని పీల్చేస్తుంది కాబట్టి అవి దట్టంగా ఉన్నచోట నీరు పచ్చదనం తిరుగుతుంది. వాటిని తినడానికి చిన్న జీవులు, ఆ జీవుల వెనకే కవ్వళ్లు, కానాగంతలు, వాటి వెనక కోనాం, ట్యూనా. నీటి రంగు మారినచోటే చల్లనీరు, వెచ్చనీరు కలిసే అంచు కూడా కనిపిస్తే, ఆ చోటును గుర్తుపెట్టి తీరానికి కబురు పంపుతారు. మబ్బు పట్టిందా, ఇక ఈ ఉపగ్రహం గుడ్డిదే. వానాకాలంలో సందేశాలకు గండి పడేది అందుకే.

ఈ రంగు చూసే పని మనకు 1999లో ఓషన్‌శాట్ మొదటి ఉపగ్రహంతో మొదలైంది. 2009లో రెండోది, 2022 నవంబరులో మూడోది వెళ్లాయి. అంతకు చాలా ముందే, 1978లో, అమెరికా నింబస్-7 అనే ఉపగ్రహంలో ఇలాంటి పరికరాన్ని పంపింది. సముద్రం రంగును అంతరిక్షం నుంచి అసలు కొలవొచ్చా లేదా అని చూడటానికే ఆ ప్రయత్నం. విశాఖ కోనాం చేప దేవుడెరుగు, ఆ పరికరం ఏడాది పనిచేస్తే చాలనుకున్నారు. అది 1986 దాకా నడిచింది.

అయితే రంగు కనిపించడం వేరు, ఆ రంగు అక్కడే ఎందుకు వచ్చిందో తెలియడం వేరు. ఈ రెండోదాని కథ ఇంకా పాతది, నా మటుకు ఇంకా రుచికరమైనది.

1893లో ఫ్రిట్యాఫ్ నాన్సెన్ అనే నార్వే సాహసికుడు ఫ్రామ్ అనే ఓడను కావాలనే ఉత్తర ధ్రువ సముద్రపు మంచులో ఇరికించేశాడు. మంచుతోపాటు కొట్టుకుపోతే ఎక్కడ తేలతామో చూద్దామని. ఖర్చులో పెద్ద వాటా నార్వే పార్లమెంటు పెట్టుకుంది. రోడ్లకే డబ్బుల్లేకపోతే రాకెట్లెందుకండీ అని మన దగ్గర అడిగినట్టు, మంచులో ఓడ ఇరికించడానికి మా డబ్బులెందుకని అక్కడా ఎవరైనా అడిగితే తప్పు పట్టలేం. అలా కొట్టుకుపోతూ నాన్సెన్ ఒక వింత గమనించాడు. మంచు గాలి వీచే దిక్కున పోవడం లేదు. దానికి 20 నుంచి 40 డిగ్రీలు కుడివైపుకి జరిగి పోతోంది. స్వీడన్‌కు చెందిన ఎక్మన్ అనే కుర్ర శాస్త్రవేత్త దీనికి లెక్క కట్టాడు. భూమి తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో గాలి తోసే నీరు కుడికి మళ్లుతుంది. పైనుంచి కిందికి పొరలన్నీ కలిపి చూస్తే, మొత్తం నీరు గాలి దిక్కుకు సరిగ్గా లంబంగా కుడివైపుకి కదులుతుంది. 1905లో అచ్చయిన ఆ లెక్కను సముద్ర శాస్త్రం చదివే పిల్లలు ఇప్పటికీ కడుతున్నారు.

ఇప్పుడు ఆర్కే బీచ్‌కి వెళ్లి భీమిలి వైపు తిరిగి నిలబడండి. మీ ముఖం దాదాపు ఈశాన్యానికి ఉంటుంది, సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది. ఎండాకాలం నైరుతి నుంచి తీరం వెంబడే వీచే గాలి మీ వీపుకు తగులుతుంది. ఎక్మన్ లెక్క ప్రకారం ఆ గాలి పైనీటిని ఎటు తోయాలి? కుడికి, అంటే ఒడ్డు నుంచి లోపలికి. అలా ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లనీరు పైకి వస్తుంది. అడుగునీటిలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు పుష్కలం. ఎండ తగిలే పొరలోకి ఆ ఎరువు చేరగానే ప్లవకాలు విజృంభిస్తాయి.

ఇది నిజంగా ఇక్కడ జరుగుతోందని 1950ల మొదట్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే కొలిచి చూపించారు. యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త అప్పుడు వాల్తేరు వచ్చి, ఇక్కడి అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి పనిచేశాడు. నౌకాదళం ఓడల్లో వెళ్లి వేర్వేరు లోతుల్లో నీళ్లు పట్టుకొచ్చి, ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచారు. సర్కారు ఓడ, సర్కారు విశ్వవిద్యాలయం, సర్కారు జీతాలు. ఆ కాలానికి ఇస్రో కూడా పుట్టలేదు. నార్వే పార్లమెంటు, వాల్తేరు ప్రయోగశాల, అమెరికా, మన ఉపగ్రహాలు, ఇన్నిచోట్ల పెట్టిన ప్రజల డబ్బు నూరేళ్లు దాటాక ఒక సరంగు ఫోనులో రెండు లైన్లుగా తేలింది. వరసలో ముందున్నవాళ్లెవరికీ చివర్లో ఉన్నవాడు తెలియదు. ఏ కంపెనీ మేనేజరూ ఇన్నేళ్లు ఓపిక పట్టడు. పట్టమనడం కూడా న్యాయం కాదు, వాటాదారులకు ఏటా లెక్క చెప్పుకోవాలి కదా.

మరి ప్రైవేటు వాళ్ల పాత్ర ఏమీ లేదా? ఉంది. అది చూడాలంటే బీచ్ రోడ్డు వెంటే భీమిలి దాకా పోవాలి. దారి పొడుగునా సముద్రపు నీరు తోడుకునే రొయ్య హేచరీలు కనపడతాయి. ఇక్కడ పుట్టిన సీడ్, అంటే రొయ్యపిల్లలు, రాష్ట్రంలోని చెరువులకు వెళ్తుంది. ఈ పరిశ్రమకు దారి చూపిన వాటిలో ఒకటి మంగమారిపేట దగ్గర సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా పెట్టిన ప్రభుత్వ హేచరీ. 1990ల మధ్యలో రైతుల మీద వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బు పడింది. పెంకు మీద తెల్లమచ్చలు తేలేసరికి అంతా అయిపోయేది, రోజుల్లోనే చెరువు ఖాళీ. చూడటానికి సీడ్ శుభ్రంగానే ఉంటుంది, లోపల వైరస్ ఉందో లేదో కంటికి తెలియదు. ఇప్పుడు జాగ్రత్త ఉన్న రైతు పీసీఆర్ రిపోర్టు చూడనిదే సీడ్ వేయడు.

పీసీఆర్ అంటే వైరస్ జన్యుపదార్థంలోని ఒక ముక్కను వేడి చేస్తూ, చల్లారుస్తూ రెట్టింపు చేసుకుంటూ పోవడం. 30 సార్లు చేస్తే ఒక్క ముక్క 100 కోట్లు దాటుతుంది, అప్పుడిక దాక్కోలేదు. చిక్కల్లా వేడి దగ్గరే. దాదాపు 95 డిగ్రీల దగ్గర నకలు తీసే ఎంజైమ్ పాడైపోతుంది. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిగుడ్డు కానట్టే, అది మళ్లీ పనికి రాదు. మొదట్లో ప్రతి విడతకూ కొత్త ఎంజైమ్ పోయాల్సి వచ్చేది.

దీనికి విరుగుడు ఎప్పుడో దొరికి, సీసాలో ఉంది. 1960ల్లో థామస్ బ్రాక్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త, ఎంత వేడిలో ప్రాణం నిలబడగలదన్న ఒక్క ప్రశ్న పట్టుకుని అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గల చుట్టూ తిరిగాడు. డబ్బిచ్చింది అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్. 70 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే బ్యాక్టీరియాను తన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్‌తో కలిసి పట్టి, 1969లో ప్రకటించి, ఎవరడిగినా ఇచ్చే సూక్ష్మజీవుల భాండాగారంలో ఉంచాడు. 1983లో సీటస్ అనే ప్రైవేటు కంపెనీలో కేరీ మల్లిస్‌కు పీసీఆర్ ఆలోచన తట్టింది. వేడికి చెడని ఎంజైమ్ కోసం వెతికితే ఈ బ్యాక్టీరియా సిద్ధంగా ఉంది. మల్లిస్‌కు కంపెనీ ఇచ్చిన బోనస్ 10,000 డాలర్లు. తర్వాత హక్కులు అమ్మితే కంపెనీకి వచ్చింది 30 కోట్ల డాలర్లు. 1993లో ఆయనకు నోబెల్ కూడా వచ్చిందనుకోండి. 2020లో మన ముక్కుల్లో పుల్ల పెట్టి చేసిన ఆర్టీపీసీఆర్ పరీక్షకూ మూలం ఇదే. వైద్య పరికరాలు తయారుచేసే విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌లో ఆ కిట్లు తయారయ్యాయి కూడా.

సీటస్ ఈ పద్ధతిని పట్టుకుని పరికరంగా మలిచింది, అది తక్కువ పనేం కాదు. కానీ బుగ్గలో బ్యాక్టీరియా కోసం 1960ల్లో ఏ కంపెనీ డబ్బు పెట్టేది? ప్రజల సొమ్ముతో సాగిన పరిశోధనంతా ఇలా ఫలించదు. చాలా పత్రాలు ఎవరూ తెరవకుండానే మూలన పడతాయి. ఏది ఫలిస్తుందో ముందే తెలిస్తే గొడవే లేదు, ఆ ఒక్కదానికే డబ్బిచ్చేవాళ్లం.

కొన్నిటిని అమ్మడమే కుదరదు. చందా కట్టినవాళ్లకే తుపాను కబురు చెప్పి మిగతావాళ్లను వదిలేయలేం కదా. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన దాదాపు 10,000 మందిని మింగేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల గాలికి చెట్లు, కరెంటు స్తంభాలు, ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయాయి. ప్రాణనష్టం మాత్రం వేలల్లోకి పోలేదు. రోజుల ముందే హెచ్చరిక అందడం, లక్షల మందిని తరలించడం అందుకు పెద్ద కారణాలు.

మన దేశం మొత్తం సంపాదనలో ప్రతి 100 రూపాయలకూ పరిశోధన మీద పెట్టే ఖర్చు సుమారు 64 పైసలు. దక్షిణ కొరియాలో అది దాదాపు 5 రూపాయలు. మన 64 పైసల్లో ఎక్కువ భాగం ప్రభుత్వానిదే.

వేటకు వెళ్లేవాళ్లకు ఇప్పుడు కావలసింది ఇంకో మెట్టు పైది. చేపలున్నాయని చెప్పడం సరే, ఏ చేపో చెప్పాలి. ట్యూనాకు విడిగా సూచనలు ఇస్తున్నారు. మిగతావాటికి చెప్పాలంటే నీటి అడుగున ఏం జరుగుతోందో తెలియాలి. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చిపోసే మంచినీరు తేలికపాటి పొరగా పైన పరుచుకుని చల్లనీటిని పైకి రానివ్వదు, ఉపగ్రహానికి ఆ కింద ఏముందో కనపడదు. అందుకే ఆర్గో అనే పొడవాటి గొట్టాలను సముద్రంలో వదులుతారు. అవి 2,000 మీటర్ల లోతుకు దిగి, పది రోజులకోసారి పైకి తేలి, దారిలో కొలిచిన వేడి, ఉప్పదనం ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునుగుతాయి. ప్రపంచమంతా కలిపి దాదాపు 4,000 ఉన్నాయి, మన దేశం వేసినవీ అందులో ఉన్నాయి, ఆ సమాచారం ఎవరికైనా ఉచితం. నాలుగైదేళ్లలో బ్యాటరీ అయిపోతే ఆ గొట్టం పని ఆగిపోతుంది. దాని బదులు ఇంకోటి వేయాలంటే మళ్లీ బడ్జెట్లో డబ్బు రాయాలి.