తుంటి మార్పిడి తర్వాత నరాలకు మత్తు: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళు జారిపడి తుంటి విరిగితే బరంపురమో, శ్రీకాకుళమో, విశాఖో తీసుకెళ్తారు. తుంటి మార్చాలంటే ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటారు. "నొప్పి తెలియకుండా గజ్జ దగ్గర నరాలకు మత్తు కూడా ఇస్తాం" అనగానే మాత్రం సంతకం దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఆ భయం తప్పని మేం అనం. కానీ విన్న మాట పట్టుకుని ఆ మత్తు (డాక్టర్లు దీన్నే 'బ్లాక్' అంటారు) వద్దంటే, మొదటి రాత్రంతా మూలుగుతూ పడుకునేది ఆ పెద్దావిడే.

అపోహ: నరంలో సూది గుచ్చితే కాలు చచ్చుబడిపోతుంది.

సూది నరంలోకి వెళ్ళదు. నరం నడిచే దారిలో, పొరల మధ్యకు మందు చేరుస్తాం. తుంటి కీలును కప్పి ఒక సంచి ఉంటుంది. దాని ముందువైపు నొప్పి తెలిపే సన్నని కొమ్మలు ఎక్కువ. అవి ఫిమోరల్, ఆబ్ట్యురేటర్ నరాల నుంచి వస్తాయి. ఇప్పుడు ఎక్కువగా వాడేవి రెండు బ్లాకులు. మొదటిది ఫాషియా ఇలియాకా: గజ్జ దగ్గర కండ పైపొర కింద 30-40 మి.లీ. మందు పరుచుకునేలా ఇస్తారు. రెండోది పెంగ్ బ్లాక్. 2018లో కెనడాలోని టొరంటో డాక్టర్లు దీన్ని వివరించారు. సోయాస్ అనే కండ చివరి తాడుకీ (టెండన్), దాని కింది కటి ఎముకకూ మధ్య 15-20 మి.లీ. సరిపోతుంది.

ఇచ్చేటప్పుడు ఏం జరుగుతుందంటే: చేతికి సెలైన్ దారి పెడతారు. బీపీ, గుండె లయ, ఆక్సిజన్ తెరమీద కనిపిస్తుంటాయి. చర్మానికి ముందు చిన్న సూదితో మత్తిచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ 22 గేజ్, 80 లేదా 100 మి.మీ. పొడవు సూది దించుతారు. ప్రతి 3-5 మి.లీ.కి ఒకసారి సిరంజి పిస్టన్ వెనక్కి లాగి, రక్తం రావడం లేదని చూసుకునే మళ్ళీ వదులుతారు. మందు సరైన చోట పడితే ఆ తెల్లని టెండన్ కింద నల్లటి చెలమలా ఊరి, దాన్ని పైకి లేపుతుంది. పట్టడానికి 15-30 నిమిషాలు. బ్లాక్ వల్ల ఎక్కువ కాలం మిగిలిపోయే నరం దెబ్బ సుమారు 10,000 మందిలో ఇద్దరి నుంచి నలుగురికే.

విరిగిన తుంటికైతే ఆసుపత్రిలో చేరగానే బ్లాక్ ఇవ్వడం ఇంకా మేలు. నడుం మత్తు కోసం పక్కకు తిప్పినా, కూర్చోబెట్టినా కేక పెట్టాల్సిన పని ఉండదు. ఆపరేషన్‌కు మాత్రం నడుం మత్తో, పూర్తి మత్తో విడిగా కావాల్సిందే. బ్లాక్ ఆ తర్వాతి నొప్పి కోసం.

అపోహ: మందు ఎంత ఎక్కువ పోస్తే అంత సేపు పనిచేస్తుంది.

ఇది ప్రమాదకరమైన మాట. లెక్క చూడండి. 45 కిలోల మామ్మకు బుపివకైన్ అనే మత్తుమందు పైహద్దు కిలోకు 2 మి.గ్రా. చొప్పున 90 మి.గ్రా. 0.25 శాతం మందులో మి.లీ.కి 2.5 మి.గ్రా. ఉంటుంది, అంటే 36 మి.లీ.తో హద్దు వచ్చేసింది. అదే 0.5 శాతమైతే 18 మి.లీ.కే. రోపివకైన్ అనే ఇంకో మత్తుమందుకు హద్దు కిలోకు 3 మి.గ్రా. 0.2 శాతంతో 40 మి.లీ. ఇచ్చినా 80 మి.గ్రా.నే, 135 దాకా వీలుంది. పెద్ద వయసులో గుండె, లివర్ నెమ్మదిస్తాయి కాబట్టి హద్దుకు బాగా లోపలే ఆగుతాం. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, సర్జన్ కుట్లు వేసే ముందు గాయం చుట్టూ పొడిచే మందు కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. సర్జన్, మత్తు డాక్టరు ఒకరినొకరు అడగకపోతే మోతాదు రెట్టింపవుతుంది.

మందు రక్తంలోకి ఎక్కితే మూతి చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుప రుచి, చెవుల్లో హోరు, తర్వాత ఫిట్స్, గుండె లయ తప్పడం. విరుగుడు 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రవం): మొదట కిలోకు 1.5 మి.లీ., అంటే 45 కిలోలకు దాదాపు 68 మి.లీ. ఆ సీసా బ్లాక్ ఇచ్చే గదిలోనే ఉండాలి. ఉందా అని అడగండి, ఏ మంచి మత్తు డాక్టరూ కోప్పడరు.

అపోహ: బ్లాక్ ఇచ్చారు కదా, ఇక నొప్పి మాత్రలు ఎందుకు?

మా అనుభవంలో పెద్దవాళ్ళను ఎక్కువగా బాధపెట్టేది ఈ అపోహే. ఒకసారి ఇచ్చిన బ్లాక్ సాధారణంగా 8 నుంచి 16 గంటలు ఉంటుంది. పొద్దున్న పదింటికి ఇస్తే సాయంత్రం ఆరుకీ, అర్ధరాత్రి రెండింటికీ మధ్య ఎప్పుడైనా దిగుతుంది. దిగేటప్పుడు నొప్పి మెల్లగా రాదు, ఒక్కసారి ఎగదన్నుతుంది. వార్డులో దీపాలార్పి, తోడున్న వాళ్ళు కునుకు తీసే వేళ అది.

అందుకే మత్తు దిగకముందే మాత్ర కడుపులో ఉండాలి. 50 కిలోల లోపు వాళ్ళకు పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున, 45 కిలోలకు 650 మాత్ర ఆరు గంటలకొకటి, నొప్పి ఉన్నా లేకున్నా గడియారం చూసి వేయాలి. లివర్ జబ్బుంటే, మరీ బలహీనంగా ఉంటే డాక్టరు ఇంకా తగ్గిస్తారు. ట్రమడాల్‌తోనో ఎసిక్లోఫెనాక్‌తోనో కలిపిన మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, అట్ట వెనక చదవందే రెండూ కలిపి వేయకండి. బ్లాక్ ఇచ్చిన టైము కాగితం మీద రాయించుకుని మంచం దగ్గర అంటించండి.

డిక్లోఫెనాక్ సూది "వెంటనే లాగేస్తుంది" అని అడిగి మరీ చేయించుకుంటారు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడకుండా పెద్దవాళ్ళకు అది వద్దు. సరిహద్దుకు ఆనుకునే ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేసిందో మన చుట్టరికాల్లోనే తెలుసు. ఆ ప్రాంతం వాళ్ళయితే డాక్టరుకు ముందే చెప్పండి.

అపోహ: నొప్పి లేదంటున్నారు, అంటే లేనట్టే.

సిస్టర్ వచ్చి ఒడియాలో "గోడొ బింధుఛి కి?" (కాలు నొప్పిగా ఉందా?) అంటుంది. కదలకుండా పడుకున్న పెద్దావిడ "లేదమ్మా" అంటుంది. కదలనప్పుడు లేదు, నిజమే. కాలు కదిపించి, దగ్గించి అడగాలి. సున్నా నుంచి పది దాకా చెప్పమంటే చాలామంది తికమకపడతారు. "నొప్పి రూపాయిలో ఎంతుందమ్మా? పావలానా, అర్ధా, ముప్పావలానా?" అనండి, ఠక్కున చెప్తారు. కదిపినప్పుడు అర్ధరూపాయి దాటితే సిస్టర్‌ను పిలవండి. మతిమరుపున్న వాళ్ళయితే ముఖం చూడండి: నొసలు ముడుచుకోవడం, పళ్ళు బిగించడం, దుప్పటి పట్టుకోవడం.

అపోహ: మత్తు సూది వల్లే మతి చలించింది.

ఆపరేషనయిన రెండో రాత్రి పెద్దాయన కొడుకునే గుర్తుపట్టకపోతే గాలి సోకిందనో, మత్తు తలకెక్కిందనో అంటారు. గజ్జ దగ్గర పెట్టిన మందు సరైన మోతాదులో మతి చలించేంతగా మెదడుకు చేరదు. మతి తప్పించేవి వేరే: ఆపని నొప్పి, ట్రమడాల్, పెంటజోసిన్ లాంటి బలమైన మందులు, మూత్రం బిగిసిపోవడం, మలబద్ధకం, నిద్ర లేకపోవడం, సోడియం పడిపోవడం. బ్లాక్ ఉంటే ఆ బలమైన మందుల అవసరం తగ్గుతుంది. కళ్ళజోడు, చెవి మెషీను ఇంట్లో వదిలి రాకండి.

అపోహ: 80 దాటిన వాళ్ళకు బ్లాక్ పనికిరాదు. నిజానికి ఎక్కువ లాభం వాళ్ళకే.

అపోహ: రక్తం పలచబరిచే మాత్రలుంటే బ్లాక్ కుదరదు. నిజానికి గజ్జ దగ్గర బ్లాక్ మరీ లోతు కాదు, చాలామందికి కుదురుతుంది. నడుం మత్తుకు మాత్రం క్లోపిడోగ్రెల్ 5-7 రోజుల ముందే ఆపాలి. గుండెకు స్టెంట్ ఉంటే సొంతంగా ఆపకండి, డాక్టర్లు మాట్లాడుకుని చెప్తారు.

అపోహ: నొప్పి లేదుగా, నడిపించేయొచ్చు.

పెంగ్ బ్లాక్‌లో తొడ బలం చాలావరకు నిలుస్తుంది. ఫాషియా ఇలియాకాలో తొడ ముందు కండ సడలుతుంది, మందు ఎక్కువైతే పెంగ్‌లోనూ అంతే. నిలబెట్టే ముందు మంచం అంచున కూర్చోబెట్టి మోకాలు చాపమనండి. ఐదు లెక్కపెట్టేదాకా కాలు గాల్లో నిలవాలి. వణికి పడిపోతే వాకర్ ఇచ్చినా నడిపించొద్దు, మోకాలు మడతపడి కొత్త తుంటి మీదే పడతారు. మొదటి రాత్రి లెట్రిన్‌కు ఒంటరిగా అసలే వద్దు.

తొడ మొద్దుబారినంత సేపూ కాపడం పెట్టకండి. వేడి నీళ్ళ సంచి, ఇటుక, వావిలాకు ఏదైనా సరే. కాలేది తెలియదు, బొబ్బలెక్కాకే చూస్తారు. పిక్క కింద చిన్న దిండు పెట్టి మడమను గాల్లో ఉంచండి, ఒకేచోట ఒత్తుకుంటే పుండు పడుతుంది.

రెండో రోజు దాటినా తొడ మొద్దు వదలకపోతే చెప్పండి. పాదం సంగతి వేరు. నడుం మత్తు నాలుగైదు గంటల్లో దిగిపోతుంది. ఈ బ్లాకులు పాదాన్ని పైకి లేపే సయాటిక్ నరం జోలికి పోవు. అందుకే మత్తు దిగాక కూడా వేళ్ళు, పాదం తనవైపు లాక్కోలేకపోతుంటే "బ్లాక్ వల్లేలే, పొద్దున్న చూద్దాం" అనుకోకుండా ఆ రాత్రే సర్జన్‌ను పిలిపించండి.