కోతులకు స్వల్పకాలిక మత్తు: కలిపి ఇచ్చే మందులపై అపోహలు - వాస్తవాలు

ప్రయోగశాల కోతికి రక్తం తీయాలన్నా, ఎక్స్‌రే తీయాలన్నా అరగంట మత్తు చాలు. ఆ అరగంట కోసం మత్తుమందైన కెటమిన్‌కు మరో మందును జోడించే పద్ధతిపై, కొత్తగా చేరిన సిబ్బందిలో తరచూ వినబడే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: రెండు మందులు కలిపితే మత్తు రెట్టింపవుతుంది, అంతే.

వాస్తవం: కలపడంలోని ఉద్దేశం ఒకదాని లోపాన్ని మరొకదానితో పూడ్చడం. కెటమిన్ ఒక్కటే ఇచ్చిన రీసస్ కోతి కదలకుండా పడి ఉంటుంది గానీ, కళ్లు తెరుచుకునే ఉంటాయి, కాళ్లు చేతులు బిగుసుకుంటాయి, నోట చొంగ కారుతుంది. మగత కలిగించే మెడిటోమిడిన్ గానీ మిడాజొలామ్ గానీ తోడైతే కండరాలు సడలుతాయి. కిలో బరువుకు 10 మి.గ్రా. వరకు పట్టే కెటమిన్‌ను దాదాపు సగానికి తగ్గించవచ్చు. కెటమిన్ ద్రావణానికి ఆమ్లగుణం ఉండటం వల్ల కండరంలోకి ఎక్కించినప్పుడు మంట పుడుతుంది కనుక, తగ్గిన ప్రతి చుక్కా జంతువుకు మేలే.

అయితే తోడొచ్చిన మందు తన చిక్కులను కూడా వెంట తెస్తుంది. మెడిటోమిడిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేసి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. చిగుళ్లు పాలిపోతాయి, వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటర్ ఒక్కోసారి అంకెలే చూపదు. పరికరం పాడైందని తిట్టుకునే ముందు స్టెతస్కోపు పెట్టి గుండెను వినాలి. ఈ మందు ఇన్సులిన్ విడుదలను అణచి రక్తంలో చక్కెరను పెంచుతుంది కాబట్టి, గ్లూకోజుకు సంబంధించిన అధ్యయనాల్లో దీన్ని వాడితే వచ్చిన అంకెలను నమ్మలేము.

అపోహ: విరుగుడు మందు ఉంది కాబట్టి ఎప్పుడు కావాలంటే అప్పుడు లేపవచ్చు.

వాస్తవం: అటిపమెజోల్ మెడిటోమిడిన్‌కు మాత్రమే విరుగుడు; కెటమిన్‌కు అలాంటిదేదీ లేదు. పని త్వరగా ముగిసిందన్న సంబరంలో, తొలిరోజుల్లో నేను పదిహేనో నిమిషానికే విరుగుడు ఇచ్చాను. లోపల కెటమిన్ ఒక్కటే మిగిలిన ఆ కోతి బిగుసుకుపోయి, తల అటూ ఇటూ ఊపుతూ, పంజరం గోడలకు తగులుకుంటూ లేచింది. అప్పటి నుంచి కెటమిన్ ఇచ్చి అరగంటైనా దాటనిదే విరుగుడు సిరంజిని చేతిలోకి తీసుకోవడం లేదు. విరుగుడుతో మెడిటోమిడిన్ ఇచ్చే నొప్పి ఉపశమనం కూడా పోతుందన్న సంగతి చాలామంది మరిచిపోతారు. అవసరమైతే నొప్పి మందును ముందే ఇచ్చి ఉండాలి.

అపోహ: కిలోల లెక్కన ఇచ్చిన డోసు ఎప్పుడూ ఒకేలా పనిచేస్తుంది.

వాస్తవం: వెంటాడి పట్టుకున్నందువల్ల బెదిరిపోయిన కోతికి అదే డోసు చాలకపోవచ్చు. ఇష్టమైన తిండి చూపిస్తూ, తొడను తానే కమ్మీల దగ్గరకు ఆనించేలా కొన్ని వారాలపాటు నేర్పిన జంతువుకు సూది పడేదీ ప్రశాంతంగానే, మత్తెక్కేదీ ప్రశాంతంగానే.

అపోహ: రాత్రి నుంచి తిండి పెట్టలేదు కాబట్టి వాంతి భయం లేదు.

వాస్తవం: రీసస్ లాంటి మకాక్ జాతి కోతులు బుగ్గ సంచుల్లో తిండి దాచుకుంటాయి. మెడిటోమిడిన్ వాంతిని కూడా తెప్పించగలదు. మత్తెక్కగానే బుగ్గలను బయటి నుంచి తడిమి, ఉన్నదాన్ని తీసేయాలి. నోట్లో చేయి పెట్టేటప్పుడు మకాక్‌ల నుంచి మనుషులకు సోకి ప్రాణం తీయగల హెర్పిస్ బి వైరస్ ముప్పును మరిచిపోకుండా గ్లౌజులు, ముఖకవచం ధరించాలి. రెప్ప వాల్చని కళ్లకు లేపనం రాయడం, ఒంటి వేడి పడిపోకుండా వెచ్చని పరుపు వేయడం కూడా అప్పుడే జరిగిపోవాలి. మెలకువ వచ్చాక, తనంతట తాను కూర్చుని కొమ్మను గట్టిగా పట్టుకోగలిగే దాకా దాన్ని గుంపులోకి వదలకూడదు. తూలుతున్న కోతి మీద తోటి కోతులే దాడి చేయవచ్చు.