తీతువు తడి పొట్ట

విశాఖ జిల్లా పద్మనాభం దగ్గర, గోస్తనీ నదికి కాస్త ఎగువన ఓ బీడు చేను. మే నెల. తొమ్మిదింటికే ఎండ చుర్రుమంటోంది. గట్టు దిగానో లేదో, ఒక తీతువు పిట్ట నెత్తిమీదికి వచ్చి గోల మొదలుపెట్టింది. "ఎల్లిపోదాం బాబూ, అది అరిస్తే మంచిది కాదు" అన్నాడు చేను రైతు. నాకు మాత్రం సంతోషమేసింది. తీతువు అలా వెంటపడిందంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నట్టు.

వెతగ్గా వెతగ్గా కనబడ్డాయి. గూడంటే పుల్లా లేదు, పీచూ లేదు. నేలమీద అరచేతంత గుంట, చుట్టూ గులకరాళ్ళు, ఎండిన మేక పెంటికలు. అందులో మట్టిరంగు మీద నల్ల మచ్చలున్న నాలుగు గుడ్లు, సన్నని కొసలు లోపలికి తిప్పుకుని. ఒక్కసారి చూపు తిప్పుకుంటే మళ్ళీ దొరకవు.

దూరంగా వెళ్ళి తాటిచెట్టు నీడలో కూర్చున్నాం. ఆ చెట్టు మీదా ఒక కాపురముంది. తాటి స్విఫ్ట్‌లనే చిన్న పిట్టలు వేలాడే ఆకుల అడుగున ఈకల్ని ఉమ్మితో అంటించి గూడు కట్టుకుంటాయి. మామిడి తోటలో మగ కోకిల ఆపకుండా కూస్తోంది. కాకులు గూళ్ళు కట్టే కాలం కదా.

నా కళ్ళు తీతువు మీదే ఉన్నాయి. మిట్టమధ్యాహ్నానికి అది గుడ్ల మీద కూర్చోవడం మానేసి, వాటికి నీడగా నిలబడింది. నోరు తెరిచి రొప్పుతోంది. పక్షులకు చెమట పట్టదు. ఒంటి వేడి మామూలుగానే మనకంటే ఎక్కువ, దాదాపు 41 డిగ్రీలు. అందుకే గొంతులోని తడిని ఆవిరి చేసి చల్లబడతాయి. గుడ్డులోని పిల్లకు ఆ దారి కూడా లేదు. అది పెరగడానికి 37 డిగ్రీల దగ్గర వేడి చాలు. ఎండకు మాడిన నేల అంతకంటే ఎంతో ఎక్కువ కాగుతుంది. పొదగడమంటే వెచ్చబెట్టడమే అనుకుంటాం గానీ, మన వేసవిలో తల్లికి అసలు కష్టం గుడ్లను చల్లగా ఉంచడమే.

కాసేపటికి జంట పక్షి వచ్చి కాపలా అందుకుంది. మొదటిది ఏటి మడుగుకు ఎగిరిపోయి, నీళ్ళలో కూర్చుని పొట్టను బాగా నానబెట్టుకుంది. తిరిగొచ్చి గుడ్ల మీద వాలింది. బైనాక్యులర్స్‌లో చూస్తే పొట్ట ఈకలు తడిసి అట్టకట్టి ఉన్నాయి. ఆ తడి ఆరుతూ గుడ్ల వేడిని లాగేస్తుంది. ఎండ ముదిరిన రోజుల్లో ఇదే పని పదేపదే. పిల్లలు బయటపడడానికి 28 నుంచి 30 రోజులు పడుతుంది. నెలరోజులు రెండు పక్షులూ ఈ కాపలాలోనే ఉంటాయి.

ఆనందపురం, భీమిలి వైపు లేఅవుట్లలో గ్రావెల్ పరిచిన ప్లాట్లు చూస్తే నాకు టెన్షన్. తీతువులు అలాంటి రాళ్ళ నేల మీద కూడా గుడ్లు పెడతాయి. ట్రాక్టర్ నడిపేవాడికి అవి ఎలా కనబడతాయి?

ఇదంతా చెబుతుంటే రైతు బైనాక్యులర్స్ అడిగి తీసుకుని చాలాసేపు చూశాడు. లేచి, గుంటకు నాలుగడుగుల దూరంలో తాటి మట్ట ఒకటి పాతాడు. వారం తర్వాత వెళితే చేను దున్నేసి ఉంది. తాటి మట్ట చుట్టూ మంచమంత నేల వదిలేశాడు.